చెంచమ్మ మొక్కుకుండ

వాకాడుకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న, చేపల వేట మీద బతికే ఒక పట్టపువారి పాలెంలో చెంచమ్మ అనే మనిషి ఉండేది. ఎండు నెత్తళ్ల గంప నెత్తిన పెట్టుకుని, కోట అనే ఊరి చుట్టుపక్కల వరి పండే పల్లెలన్నీ తిరిగి, చేపకు బదులు బియ్యమో వడ్లో తీసుకుని పొద్దువాలేసరికి ఇల్లు చేరడం ఆమె జీవనం. అటువంటి ఆడవాళ్లు ఆ తీరంలో ఇంకెందరో ఉండేవారు. వారిలో చెంచమ్మను గురించే రాయడానికి కారణం ఆమె ఒక మొక్కు మొక్కి, అందులో దాగిన లెక్కను తెలియక నెత్తికెత్తుకుని, తెలిసిన తరువాత కూడా దించుకోకపోవడం. ఇందులో కొంత నేను కళ్లారా చూశాను. మిగిలినది ఆమె నోటా, కుమ్మరి ఓబులేసు నోటా విన్నాను. ఇద్దరి మాటా కలవని చోటు ఒకటుంది. అక్కడ నాకు న్యాయమనిపించింది చెబుతాను.

కోటలో మా ఇంటికి ఆమె వారానికొకసారి వచ్చేది. నేను అప్పటికి హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. కొసరు వేయదు, కొసరు పుచ్చుకోదు. మా ఇంటావిడకు అది నచ్చేది కాదు.

"ఒక్క గుప్పెడు వేస్తే నీ సొమ్మేం పోతుందే చెంచమ్మా?"

"గుప్పెడేస్తే సోల అబద్ధమైపోలా అమ్మా? సోల నిండుగా పోసినా, మొగం నిండుగా నవ్వినా. ఇంకేం గావాల?"

ఆ జవాబుకు మా ఇంటావిడ నవ్వకుండా ఉండలేకపోయేది. నవ్వితే బేరం ముగిసినట్టే.

అరవై ఒకటో సంవత్సరం కార్తీకంలో గాలివాన పట్టినప్పుడు ఆమె భర్త చిన్నపోలయ్య తెప్ప మీద సముద్రంలో ఉన్నాడు. తక్కిన తెప్పలన్నీ ఒడ్డెక్కాయి. అతనిది రాలేదు.

ఇక్కడ ఆ పాలెం ఆచారం కొంచెం చెప్పాలి. ఏటా వైశాఖంలో గంగమ్మ జాతరకు ప్రతి ఇల్లాలూ గుడి ముందు ఇసుకలో పొయ్యి పెట్టి పొంగలి వండుతుంది. ఆ కుండ రూపం ఎవరి ఇష్టానికీ వదిలిపెట్టరు. కుండ కడుపు చుట్టుకొలత ఎంతో అంత దారం తీసుకుని, మూడు మడతలు పెడితే ఎత్తు, ఆరు మడతలు పెడితే మూతి వెడల్పు. చిన్నకుండైనా పెద్దకుండైనా ఇదే కట్టడి. కనుక ఆ పాలెంలో గంగమ్మ కుండలన్నీ ఒకే ముఖం గల అక్కచెల్లెళ్లలాగా ఉంటాయి.

ఆపద వచ్చినప్పుడు ఇల్లాలు తన పొంగలి కుండకు పసుపుదారం ఒక చుట్టు చుట్టి, అంత మేరకు తెంచి, అమ్మవారి శూలానికి కట్టి మొక్కుకుంటుంది. ఆపద గడిచాక, ఆ దారం ఒక్క చుట్టుగా హెచ్చుతగ్గులు లేకుండా పట్టే కొత్తకుండ చేయించి, అందులో పొంగలి పొంగించాలి. బియ్యం ఆమె సొంత రెక్కలతో సంపాదించినదై ఉండాలి. పొంగిన తరువాత కుండలో గరిటె నిలబెడితే పడిపోకుండా నిలవాలి. వేణ్ణీళ్లు పొంగించి అమ్మవారిని మభ్యపెట్టకుండా పూర్వులు పెట్టిన నిబంధన అది. మొక్కు తీరేదాకా బతికి వచ్చిన మగవాడు అమ్మవారి సొత్తు. అతడు అల దాటి తెప్ప నడపరాదు.

చెంచమ్మ ఆ సాయంత్రం తన కుండకు దారం ఒక చుట్టు చుట్టింది. అది చాలదనిపించింది. ఇంకొక చుట్టు చుట్టి తెంచింది. ఆ దారం పట్టే కుండలో పొంగలి పెడతానని మొక్కింది.

చిన్నపోలయ్య పులికాటు వైపు కొట్టుకుపోయి, అక్కడ ఎవరో లాగి ఒడ్డున వేస్తే, కాళ్లు వాచిపోయి నడుచుకుంటూ ఇల్లు చేరాడు. మొక్కు సంగతి విని సంతోషించాడు. రెండింతల కుండ అంటే రెండు కుండల పొంగలి. తన ప్రాణానికి భార్య ఆ మాత్రం వెల కట్టడం అతనికి గర్వంగా కూడా ఉండివుండాలి.

కుండ చేయడానికి ఓబులేసును పిలిచారు. ఆ దారం చూసి అతడు తల గోక్కున్నాడట.

"చెంచక్కా, ఇది సారె మీద లేచేది గాదు. కింద సగం వేరే, పైన సగం వేరే చేసి అతకాల. మట్టి శానా పడతాది."

"మట్టి నీది, దారం గంగమ్మది. నన్నేం జెయ్యమంటావు ఓబులేసన్నా?"

"ఏం జెయ్యొద్దులే. కాల్చేటప్పుడు పగలకుండా మీ అమ్మకు ఇంకో మొక్కు మొక్కు."

"ఉండే మొక్కే మొయ్యలేక చస్తుంటే!"

ఇద్దరి మాట కలవని చోటు ఇదే. కుండ మరీ పెద్దదవుతుందని ముందే చెప్పానని ఓబులేసు అంటాడు. మట్టి ఎక్కువ పడుతుందని గొణిగాడే తప్ప ఇంకేమీ చెప్పలేదని చెంచమ్మ అంటుంది. నా ఉద్దేశంలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పాతకుండకు పట్టిన మట్టికి నాలుగింతలు పట్టిందని ఓబులేసు నాతో అన్నాడు. గోడ మందం మార్చకపోతే నాలుగింతలే పట్టాలి. అయితే మట్టి గోడకు పట్టేది. లోపలి ఖాళీ ఎంతో ఆ మట్టి చెప్పదు. తాను చూసిన పెద్దతనాన్ని అతడు చెప్పాడు, తనకు అర్థమైన దానిని ఆమె విన్నది. ఇందులో ఎవరినీ తప్పు పట్టవలసిన పని లేదు.

నీళ్లు పోసి చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. మొక్కుకుండ పండుగపొయ్యి ఎక్కేదాకా తడవకూడదు. చూపుకేమో అది పాతకుండకు రెండింతల ఎత్తున, రెండింతల వెడల్పున ఉంది. రెండింతలే మొక్కింది. అందరికీ లెక్క సరిపోయింది.

జాతరనాడు పాలెం పెద్ద గంగులయ్య శూలం మీది దారం తీసి కుండకు కట్టాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టింది. చెంచమ్మ పాతకుండతో ఒకసారి నీళ్లు తెచ్చి పోసింది. రెండోసారీ పోసింది. ఏటా ఒక మానిక బియ్యం వండేది గనుక ఈసారి రెండు మానికలు తెచ్చుకున్నది. పక్కపొయ్యి దగ్గరున్న ఆమె ఆడపడుచు మాలకొండమ్మ తొంగిచూసింది.

"వదినా, నీళ్లు యాడికి బోయినాయి?"

"లోపలే ఉండాయి."

"బావిలో ఉండే నీళ్లు గూడా లోపలే ఉంటాయి. చేద గావాలా?"

ఆడవాళ్లంతా నవ్వారు. చెంచమ్మ కూడా మొదట నవ్వింది. మంట పెట్టింది. లోపల గంజి కుతకుతలాడింది, నురగ లేచింది, మళ్లీ పడిపోయింది. కుండ పెదవి నురగకు ఆకాశమంత ఎత్తున ఉంది. చుట్టూ ఒక్కొక్క కుండే పొంగుతుంటే, ఒక్కొక్క ఇంటివాళ్లే కేకలు పెడుతుంటే, చెంచమ్మ పొయ్యి ముందు అందరూ ఒక్కొక్కరుగా నోరు మూసుకున్నారు. చివరికి అడుగున గంజి చిక్కబడి మాడువాసన వేసింది. గంగులయ్య మంట తీయించాడు.

అతడు కోపం తెచ్చుకోలేదు. దారం విప్పి మళ్లీ శూలానికి కట్టాడు.

"అమ్మకు తొందరేం లేదు బిడ్డా. వచ్చే ఏడు చూద్దాం."

తొందర అమ్మవారికి లేకపోవచ్చు. మరునాడే సముద్రంలోకి పోవాలని కొత్త తాళ్లు బిగించి తెప్పను సిద్ధం చేసుకున్న చిన్నపోలయ్యకు ఉంది. అతడు ఆ తాళ్లు విప్పి ఇంట్లో పెట్టాడు. చెంచమ్మ మాత్రం అక్కడినుంచి కదలలేదు. మాడిన కుండ కడిగి, పాతకుండతో నీళ్లు మోసి పోయడం మొదలుపెట్టింది. అది నిండేసరికి ఎనిమిదిసార్లు మోసింది.

ఆ ఏడంతా చిన్నపోలయ్య ఒడ్డున కూర్చుని ఇతరుల వలలు బాగుచేశాడు. ఈడువాళ్లు అతనికి 'ఒడ్డుపీత' అని పేరు పెట్టారు. "పీత బావా, అల వస్తుండాది, బొరియలో దూరు" అని తెప్పల మీదినుంచి కేకలు వేసేవారు. అతడు నవ్వి ఊరుకునేవాడు. తెప్పలు అల దాటే వేళకు మాత్రం సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఆ వీపు చూడలేకపోయేదాన్నని చెంచమ్మ మా ఇంటావిడతో చెప్పింది.

ఆ సంభాషణ మధ్యలోనే నేను వసారాలోకి వచ్చాను. రెండింతల కుండకు ఎనిమిదింతల నీళ్లు ఎలా పట్టాయో ఆమెకు అంతుపట్టలేదు. కుండలో ఏదో దయ్యం ఉందని పాలెంలో కొందరు అనుకుంటున్నారట. దయ్యం లేదని చెప్పి, ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ తెప్పించాను. ఒకటి నేల మీద పెట్టాను.

"దీన్ని పొడుగు రెండింతలు చెయ్యి."

ఇంకొకటి చేర్చింది.

"వెడల్పు కూడా రెండింతలు చెయ్యి."

రెండు చేర్చింది. నాలుగయ్యాయి.

"ఇప్పుడు ఎత్తు."

ఆమె పైన నాలుగు పేర్చి, వేలితో ఒక్కొక్కటే తాకి చూసుకుంది. తరువాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"అయ్యోరా, అగ్గిపెట్టెకు మూలలుండాయి. నా కుండకు మూల యాడుంది?"

అది తెలివితక్కువ ప్రశ్న కాదు. గుండ్రని వస్తువుకు కూడా ఇదే వర్తిస్తుందని నిరూపించాలంటే ఆమెకు తెలియని దారిలో చాలా దూరం పోవాలి. అందుకని, "నీ కుండను బియ్యపుగింజంత అగ్గిపెట్టెలతో నింపినావనుకో. కుండతోపాటు ప్రతి పెట్టే మూడువైపులా రెండింతలు పెరిగితే, ప్రతి పెట్టే ఎనిమిది పెట్టెలంత అవుతుంది. అన్నీ కలిసిన కుండ ఇంకెంతవుతుంది?" అన్నాను.

"అంచుల కాడ సందులు మిగలవా?"

"మిగులుతాయి. పెట్టెలు ఎంత చిన్నవైతే సందులు అంత తగ్గుతాయి."

ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. "మీ పెట్టెల సంగతేమో గానీ, నీళ్లు మాత్రం అబద్ధమాడవు" అన్నది. నేను ఆ మాటను తప్పు పట్టలేను. ఎనిమిదని నీళ్లు ముందే సాక్ష్యం చెప్పాయి. ఎందుకు ఎనిమిదో మాత్రమే నేను చెప్పగలిగాను.

ఆమె ముందు ఇంకా రెండు దారులున్నాయి. కుండ అడుగున పాతకుండను బోర్లించి పెడితే చోటు పూడుతుందని భర్తే సలహా ఇచ్చాడు. "గంగమ్మ కూటికుండలో దొంగకుండ పెడతావా? నీకిచ్చిన ఊపిరిలో ఆమె అట్టా దొంగతనం చేసిందా?" అని ఆమె కసిరింది. మాలకొండమ్మ తన బియ్యం కలుపుతానన్నది. అదీ కుదరదు, సొంత రెక్కల బియ్యమే కావాలి. చేపలు దొరకక కాదు. భర్త తెప్ప కదలకపోయినా, ఒడ్డున తక్కిన తెప్పలవాళ్ల దగ్గర నెత్తళ్లు కొని ఎండబెట్టుకునేది. అడ్డమల్లా రోజుకు ఒక గంప కంటే మోసుకుపోలేకపోవడమే. ఆ గంపతో వచ్చినది తిండికి సరిపోయేది. మొక్కుకని తీసి దాచడానికి మిగిలేది కాదు.

అగ్గిపెట్టెలు మళ్లీ సర్దుతూ ఆమె ఉన్నట్టుండి తలెత్తింది.

"నా గంప గూడా అంతేనా అయ్యోరా?"

"ఏమిటి అంతేనా?"

"రవ్వంత పెంచితే శానా పడతాదా?"

అన్నివైపులా నాలుగు వేళ్లున్న చోట అయిదు వేళ్లు చేస్తే దాదాపు రెండు గంపల సరుకు పడుతుందని చెప్పాను. బరువు కూడా అంతే పెరుగుతుందని హెచ్చరించాను.

"బరువు పెరిగినా మెడ మాత్రం నాకు దేవుడిచ్చిందే గదా" అని నవ్వి, గంప చంకనేసుకుని వెళ్లిపోయింది.

మేదరివాళ్ల చేత ఆ కొలతకు కొత్త గంప అల్లించుకుంది. ఎండిన నెత్తళ్లు తేలిక గనుక మోయగలిగింది. కాని ఒక చిక్కు వచ్చింది. పాత గంపలో పాడుకాని సరుకు కొత్త గంప నడిమధ్యలో మెత్తబడి ముక్కిపోయేది. లోతు పెరిగేసరికి గాలి మధ్యదాకా పోలేదు. రెండు వారాల నష్టం తరువాత, గంప మధ్యలో వెదురుబుట్ట ఒకటి సన్నగా, గొట్టంలాగా నిలబెట్టింది. దారిలో ఎక్కడ ఆగినా పైవన్నీ కిందికి, కిందివన్నీ పైకి కలబెట్టేది. వరి ఊళ్ల ఆడవాళ్లు ఆ గంప చూసి, "చెంచమ్మా, సముద్రాన్నే ఎత్తుకొస్తుండావా?" అనేవారు. "నీళ్లొదిలేసి వస్తుండా" అనేది.

ఇంటికి చేరిన బియ్యంలో పాత గంపకు వచ్చినంత తిండికి పోగా, మిగిలినదాంట్లో కొంత చేపల మూలధనానికి పోయేది. కొంత మొక్కుకు చేరేది. వేసవి వచ్చేసరికి ఎనిమిది మానికలూ నిండాయి.

రెండో జాతరకు నన్ను పిలిచింది. "లెక్క జెప్పినోళ్లు చూడాల గదా" అన్నది. ఇంటావిడతో కలిసి వెళ్లాను. దారం మళ్లీ సరిగ్గా పట్టింది. ఎనిమిది పాతకుండల కొలతకు నీళ్లూ పాలూ కలిపి, మంట అందకముందే ఎసరు పొర్లకుండా కొంచెం వెలితి ఉంచి పోశారు. చిన్నపోలయ్య సరుగుడు కట్టెలు మోపులకొద్దీ పేర్చాడు. అన్ని పొయ్యిలూ ఒకేసారి అంటించారు.

తక్కిన కుండలు పొంగాయి. కేకలు, మొక్కులు, కొబ్బరికాయలు అయిపోయాయి. చెంచమ్మ కుండ మౌనంగా ఉంది. దాదాపు పెదవి దాకా నిండి ఉంది, ఆవిరి లేస్తోంది, పొంగడం లేదు. మాలకొండమ్మ మా ఇంటావిడ పక్కకు చేరి గొంతు తగ్గించింది.

"అమ్మకింకా కోపం తగ్గలేదేమో అమ్మా. మా అన్న కర్మ!"

ఈ ఆలస్యం నేను ముందుగా ఊహించినది కాదు. ఇసుకలో నిలబడి ఆలోచించాను. మంట తగిలేది కుండ అడుగుకు. అడుగు నాలుగింతలైంది, వేడెక్కవలసిన నీళ్లు ఎనిమిదింతలయ్యాయి. చిన్నకుండకు పట్టినదానికి రెండింతల సేపు పట్టి తీరాలి. గంగులయ్య మంట తీయించే ఆలోచనలో ఉన్నట్టు కనిపించగా, అతని దగ్గరకు వెళ్లి ఆ మాటే చెప్పాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రెండింతల సేపా? మూడింతలు కాదు గదా?"

"రెండింతలే. కొంచెం అటూ ఇటూ."

"అయితే ఉందాం. మాకు మాత్రం ఇంటికాడ పనేముంది?" అని ఇసుకలో చతికిలబడ్డాడు. ఆయన కూర్చోవడం చూసి తక్కినవాళ్లూ కూర్చున్నారు.

చెంచమ్మ కూర్చోలేదు. గరిటె పట్టుకుని కుండ చుట్టూ తిరుగుతోంది. చిన్నపోలయ్య పొయ్యిలోకి కట్టెలు తోస్తూ, పొగకు కళ్లు మూసుకుని, "మే, ఏమన్నా కదిలిందా?" అని అడిగాడు.

"కదల్లా."

"ఇప్పుడు?"

"నువ్వు అడక్కుండా ఉంటే కదుల్తాది! కట్టె తోయి."

మొదట అంచు చుట్టూ సన్నని బుడగలు కట్టాయి. తరువాత మధ్యలో తెల్లని గుబ్బ ఒకటి లేచి, ఆగి, వెడల్పయింది. చెంచమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. నురగ పెదవి మీదికి ఎక్కి, తూర్పువైపు, సముద్రం వైపు, పసుపుదారం మీదుగా జారి మంటలో చుయ్యిమంది. మాలకొండమ్మే మొదట "గంగమ్మ తల్లీ!" అని కేక పెట్టింది. తక్కిన పాలెమంతా ఆ కేక అందుకుంది.

బియ్యం ఉడికాక గంగులయ్య గరిటె నిలబెట్టాడు. నిలిచింది. దారం విప్పి చిన్నపోలయ్య చేతిలో పెట్టి, "పో, సముద్రంలో వెయ్యి. ఇంక నువ్వు నీ ఇంటోడివి" అన్నాడు. చిన్నపోలయ్య మోకాటిలోతు నీళ్లలోకి వెళ్లి, దారం వదిలి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు.

తరువాత మొదలైన కష్టం వేరు. మొక్కుపొంగలి ఇంటికి తీసుకుపోరాదు, అక్కడే చెల్లాలి. అప్పటికే అందరూ తమ తమ కుండలు ఖాళీచేసి ఉన్నారు. చెంచమ్మ ఊరుకుంటుందా? ఆకు పట్టుకుని కనిపించినవాడినల్లా పట్టుకుంది. 'ఒడ్డుపీత' అని పేరు పెట్టినవాళ్లకు వెతికి మరీ రెండేసి గరిటెలు వేసింది.

"చాలు పెద్దమ్మా, పొట్ట పగుల్తుండాది!"

"మా పీత ఏడాదిన్నర కడుపు మాడ్చుకున్నాడు నాయనా. నువ్వొక్క పూట నింపుకోలేవా?"

కుండ చేసిన ఓబులేసు మూడోసారి వడ్డించుకుని, "చెంచక్కా, ఇంకో సారి ఇట్టాంటి దారం తెచ్చినావంటే నేను ఊరొదిలి పోతా" అన్నాడు. నేనూ మర్యాదకు మించే తిన్నాను. కొంచెం ఉప్పు తక్కువైంది. ఎనిమిది మానికలకు ఎంత ఉప్పు వేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మరునాడు తెల్లవారుతూనే చిన్నపోలయ్య అల దాటాడు. నేను చూడలేదు, మేము రాత్రికే కోట చేరాం. తరువాతి వారం నెత్తళ్లు తెచ్చినప్పుడు మా ఇంటావిడ అడిగింది: మొదటిరోజు ఏం తెచ్చాడని.

"ఏం దెస్తాడమ్మా? నాలుగు కవళ్లు, ఒక సొర్రపిల్ల. ఏడాదిన్నర కూర్చోబెట్టి మేపితే ఇంతేనా అన్నా. రేపు జూడు అన్నాడు."

"మరి మర్నాడు?"

"మర్నాడు గూడా అంతే" అని చెంచమ్మ గంప దించి, సోల తీసి, కొసరు లేకుండా నిండుగా కొలిచి పోసింది.